ఆనందమ్మ బిందె ఎత్తని కాలం

ఆ ఏడు పత్తి తీసే కాలమంతా నేను హైదరాబాద్ ముఖం చూడలేదు. పదిహేనేళ్లలో అట్లా జరగడం అదే మొదలు.

నా పేరు లాజరు, తాపీ మేస్త్రిని. తెల్లాపూర్ దిక్కు అపార్టుమెంట్లు లేస్తుంటే అక్కడే రేకుల షెడ్డులో ఉండి పనిచేసుకుంటూ, నెలకు రెండు శనివారాలు నారాయణఖేడ్ బస్సెక్కి ఇంటికి వచ్చేవాణ్ని. మా ఊరు ఖేడ్ నుంచి మనూర్ పోయే తోవలో, ఆటోకు అరగంట దూరం. ఇంట్లో మా అమ్మ హన్నమ్మ, నా భార్య ఆనందమ్మ ఉంటారు. ఒక్కగానొక్క బిడ్డ ఎలీసబెతును జహీరాబాద్‌లో ఇచ్చాం.

బతుకమ్మ ఆటలు మొదలైన వారంలో ఒక మధ్యాహ్నం ఐదో అంతస్తులో గోడకు గిలాబు కొడుతుంటే అమ్మ ఫోన్ చేసింది. ఆనందమ్మ శంకరప్ప పటేల్ చేనులో కలుపు తీస్తూ తీస్తూ కూలబడిందట. పొద్దటి నుంచి మూత్రం రాక, కడుపు ఉబ్బి, మెలికలు తిరిగిపోతుంటే తోటి కూలీలు ఆటోలో వేసుకుని ఖేడ్ దవాఖానకు తీసుకుపోయారట. చేతులకున్న సిమెంటు కూడా సరిగ్గా కడుక్కోకుండా బస్సెక్కాను.

నేను పోయేసరికి పైపు వేసి మూత్రం తీసేశారు. ఆనందమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది.

“గర్భసంచి జారింది. ఇయ్యాల జారింది కాదు, ఏండ్ల సంది ఉన్నది. మొత్తం బయటికే వచ్చింది. చేత్తో లోపటికి నూకి, గుడ్డ కట్టుకొని పనికి పోయేదట. నీకు తెల్వదా?”

తెలియదన్నాను. ఆమె సంగారెడ్డికి రాసిచ్చి, వెంటనే తీసుకుపొమ్మంది. ఆ కాగితం పట్టుకుని వరండాలో ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు. పెండ్లయి ఇరవై ఎనిమిదేళ్లు. నడుము నొస్తుందని ఆమె అనడం విన్నాను, హైదరాబాద్ నుంచి రాసుకునే మలాం తెచ్చిచ్చాను. అంతే నాకు తెలిసింది.

దసరా పోయిన మూడోనాడు సంగారెడ్డి పెద్ద దవాఖానలో ఆపరేషన్ చేశారు. గర్భసంచి తీసేశామని, కిందికి జారిన లోపలి గోడలను ఎత్తి కుట్టామని డాక్టరు చెప్పాడు. ఆయన చెప్పిందంతటిలో గోడలన్న ఒక్క మాటే నాకు బాగా అర్థమైంది. కొత్తగా కట్టిన గోడ మీద బరువు పెడితే ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇంటికి పంపే రోజు నర్సు షైనీ వచ్చి ఆనందమ్మ మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. చిన్నపిల్లే, మా ఎలీసబెతు ఈడుది. కానీ మాట పదును.

“ఇంట్ల పని ఎవరు చేస్తరు?” అంది నాతో.

మా అమ్మకు డెబ్బై దాటాయని, నేనొక పది రోజులు ఉంటానని చెప్పాను.

“పది రోజులు కాదు, మూడు నెలలు. మూడు నెలలు ఆమె రెండు కిలోల కంటె ఎక్కువ ఎత్తొద్దు. నిండు చెంబు ఎత్తొచ్చు, బిందె ఎత్తొద్దు. బిందె ఎత్తిందంటె మేం చేసిందంత పాడైతది. ఏదీ, నువ్వు చెప్పు.”

బడి పిల్లాడిలాగా తిరిగి చెప్పాను. ఇంకా చాలా చెప్పింది. గొంతుక్కూర్చోవద్దు. ముక్కొద్దు, అందుకని మలబద్ధకం రాకుండా ఆకుకూర, బొప్పాయి, నీళ్లు బాగా ఇవ్వాలి, రాత్రి సిరప్ తాగించాలి. దగ్గొస్తే దిండు పొట్టకు అదుముకొని దగ్గాలి. పొద్దున, సాయంత్రం ఇంట్లోనే కాసేపు నడవాలి. కొన్ని వారాలు కొద్దికొద్దిగా మరకలు పడితే పరేషాన్ కావద్దు. ఎర్రగా రక్తం పోయినా, జ్వరమొచ్చినా, వాసనొచ్చినా వెంటనే దవాఖానకు తీసుకుపోవాలి. నేను పనిలో గోడల మీద గీతలు గీసే పెన్సిలుతోనే మందుల కవరు వెనక అన్నీ రాసుకున్నాను. చివరికి గొంతు తగ్గించి, డాక్టరు చెప్పేదాకా ఆమె దగ్గరికి పోవద్దని చెప్పింది. నేను తల వంచుకున్నాను. మా మంచాలు వేరై తొమ్మిదేళ్లయిందని ఆ పిల్లకు ఎట్లా చెప్పను?

ఖేడ్ బస్టాండులో దిగి, ఒక ఆటో మొత్తం మాట్లాడుకున్నాం. గుంత వచ్చిన ప్రతిచోటా నేను డ్రైవరు భుజం తట్టాను. ఆనందమ్మ దిండు మీద కూర్చుని, కండ్లు మూసుకుని, పెదవులతో ప్రార్థన చేస్తూ వచ్చింది.

ఇంటికి వచ్చిన రోజే తిప్పలు మొదలైనాయి. మా మరుగుదొడ్డి గొంతుక్కూర్చునేది. మర్నాడు పొద్దున్నే ఇటుకలు తెచ్చి, సిమెంటు, ఇసుక కలిపి, దాని మీద కుర్చీ ఎత్తున ఒక గద్దె కట్టడం మొదలుపెట్టాను. సిమెంటు ఆరేదాకా నాలుగు రోజులు ప్లాస్టిక్ కుర్చీకి నడుమ రంధ్రం కోసి సర్దుకున్నాం. గద్దె అంచులు మాత్రం తాపీతో రుద్ది రుద్ది గుండ్రంగా చేశాను. చేత్తో తడిమి చూసి, గరుకు తగిలిన చోట మళ్లీ రుద్దాను. కోట్లు పెట్టి కొనుక్కున్నవాళ్ల బాత్రూముల్లో కూడా నేను అంత నునుపుగా పని చేయలేదు. ఐదో రోజు ఆనందమ్మ దాని మీద కూర్చుని వచ్చి ఏమీ అనలేదు. కానీ మధ్యాహ్నం పొరుగింటి పోశమ్మ వస్తే, లోపలికి తీసుకుపోయి చూపించడం నా కంటపడింది.

నీళ్లు మా వాడ చివర నల్లా దగ్గరి నుంచి తేవాలి. పొద్దున గంటసేపు వస్తాయి. అంతా ఆడవాళ్లే ఉండే వరసలో బిందె పట్టుకుని నేనొక్కణ్నే నిలబడేవాణ్ని. మొదటి రోజు పోశమ్మే, లాజరుకు ఒక చీర కూడా తెస్తే బాగుంటుందన్నది. అందరూ నవ్వారు. బిందె భుజాన పెట్టుకుంటే సగం నీళ్లు నా వీపు మీదే పోయేవి. ఇసుక బస్తా మోసిన భుజమే అయినా, బిందె మోసే వాటం వేరు. ఆనందమ్మ గడపలో నిలబడి చూసేది గానీ నవ్వేది కాదు. చెంబు చెంబుగా తెస్తానని ఒకటికి రెండుసార్లు అంది. నేను ఒప్పుకోలేదు.

అమ్మకు బట్టలు ఉతికే దగ్గర కోపం వచ్చింది. ఆనందమ్మ మరకల గుడ్డలు నేను వెనక దొడ్లో ఉతుకుతుంటే చూసి, మగవాడు చేసే పనేనా అది అని సణిగింది. తన కాలంలో కాన్పైనా కడుపు పోయినా ఎవరి గుడ్డలు వాళ్లే ఉతుక్కున్నారంది. నేను తలెత్తకుండా ఉతికాను. నాకూ కొత్తే. మొదటి రెండు రోజులు ఎవరైనా చూస్తారేమోనని దడి చాటున ఆరేశాను. షైనీ ఎండలో ఆరెయ్యమని చెప్పిందని ఆనందమ్మ గుర్తుచేసింది. మూడో రోజు నుంచి వాకిట్లో తీగ మీదనే ఆరేశాను.

అట్లా మూడు వారాలు గడిచాయి. పత్తి పగిలింది. ఊరు ఊరంతా చేన్లలోనే ఉంది. ఇరవై రెండో రోజు సిరప్ అయిపోతే నేను ఖేడ్ పోయాను. అమ్మ చర్చి గుడిలో ఆడవాళ్ల ప్రార్థనకు పోయింది. మధ్యాహ్నానికి తిరిగొచ్చేసరికి వంటింట్లో నిండు బిందె ఉంది. వాకిట్లో నుంచి వంటింటి దాకా నేల తడిగా ఉంది. ఆనందమ్మ మంచం పట్టె పట్టుకుని కూర్చుని ఉంది. ముఖంలో రక్తం లేదు. చీర మీద ఉంది.

ఆటో తెచ్చి ఖేడ్ దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరమ్మ లోపల పరీక్ష చేసినంతసేపూ బయట గోడకు ఆనుకుని, ఏడేళ్లప్పుడు నేర్చుకున్న ప్రార్థన ఒక్కటే మళ్లీ మళ్లీ చెప్పుకున్నాను. ఆమె బయటికి వచ్చి, పైనున్న ఒక కుట్టు కొద్దిగా తెగిందని, లోపలి కుట్లు గట్టిగానే ఉన్నాయని చెప్పింది. ఇంకోసారి ఇట్లా చేస్తే మాత్రం తన చేతుల్లో ఉండదంది.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. ఆమెను పడుకోబెట్టి, కాళ్ల కింద దిండు పెట్టి, అప్పుడు అడిగాను.

“ఎందుకెత్తినవ్? ఒక్క పూట ఆగలేకపోయినవా?”

ఆమె కప్పు వైపే చూస్తూ చెప్పింది.

“నువ్వు ఎట్లగూ పోతవ్ గద. అలవాటైతే నాకే కష్టమైతది.”

“ఏంది అలవాటైతే?”

“ఒకరు చూసుకునుడు.”

నాకు కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. నేల మీద, మంచానికి ఆనుకుని కూర్చున్నాను. అప్పుడు చెప్పింది ఆనందమ్మ, ముక్కలు ముక్కలుగా, నా ముఖం చూడకుండా. ఎలీసబెతు పుట్టిన పదకొండో నాడే పత్తి మూటలు ఎత్తడానికి పోయిందట. అప్పటి నుంచే కింద ఏదో బరువుగా ఉండేదట. ఏండ్లు గడిచినకొద్దీ కూర్చుంటే, దగ్గితే, బరువెత్తితే బయటికి రావడం మొదలైంది. తొమ్మిదేళ్ల కిందట ఇక పూర్తిగా వచ్చేసింది. నడుము నొప్పి అని చెప్పి నా పక్క నుంచి లేచిపోయింది అప్పుడే.

“నీకు అసయ్యమనిపిస్తదని జెప్పలె” అంది.

“నేను వేరే అనుకున్న.”

“ఏమనుకున్నవ్?”

“నా మీద మనసిరిగిందనుకున్న. అందుకే నెలకు రెండుసార్లే వస్తుంటి. వచ్చినా ఏమున్నది అనుకున్న.”

ఆమె అప్పుడు తల తిప్పి నన్ను చూసింది.

“మనసిరిగిన దాన్నైతే, నువ్వొచ్చే శనివారం శనివారం కోడినెందుకు కోస్త?”

తొమ్మిదేళ్లు ఆ కూర తిన్నాను. అన్నం పెట్టి దూరంగా కూర్చునేది, తినేసి నేను వాకిట్లో పడుకునేవాణ్ని. ఎవరి చీకట్లో వాళ్లం ఉన్నాం.

వాకిట్లోకి పోయి కాంట్రాక్టరుకు ఫోన్ చేశాను. నా జాగాలో ఇంకొకరిని పెట్టుకొమ్మని, క్రిస్మస్ దాకా రానని, ఆ తర్వాత సంగతి కూడా ఇప్పుడు చెప్పలేనని అన్నాను. అతను గట్టిగానే మాట్లాడాడు. విని పెట్టేశాను. తిరిగి చూస్తే గడప పక్కన అమ్మ కూర్చుని ఉంది. ఎప్పుడు వచ్చిందో, ఎంత విన్నదో. పదకొండో నాడు కోడల్ని చేనుకు తోలింది ఆమే. అప్పుడు నేను ఊళ్లోనే ఉన్నాను. నేనూ వద్దనలేదు.

మర్నాడు నేను లేచేసరికి అమ్మ పొయ్యి ముట్టించి జొన్న గటక కాస్తోంది. గిన్నెలో పోసి, ఊది చల్లార్చి, ఆనందమ్మ మంచం దగ్గరికి తీసుకుపోయింది. “అప్పట్ల నాకు తెల్వదు బిడ్డా” అంది. ఆనందమ్మ గిన్నె అందుకుని, ఫర్వాలేదు అత్తమ్మా అంది. ఆ తర్వాత అమ్మ నా ఉతుకుడు గురించి ఎన్నడూ సణగలేదు. ఎండలో ఆరిన గుడ్డలు తనే తీసి మడతపెట్టేది.

రక్తం నాలుగు రోజుల్లో ఆగింది. ఆరు వారాలకు సంగారెడ్డి పోతే అంతా మంచిగా ఉందన్నారు. షైనీ కొత్త వ్యాయామం నేర్పింది. మూత్రం ఆపుకున్నట్టు లోపల బిగబట్టి, పది లెక్కపెట్టి, మెల్లగా వదలాలి. ఆనందమ్మ మంచం మీద కూర్చుని కండ్లు మూసుకుంటే లెక్క నేను పెట్టేవాణ్ని. నేను తొందరగా లెక్కపెడుతున్నానని ఆమె కోప్పడేది.

ఇంతలో ఆడవాళ్లు రావడం మొదలైంది. ముందు పోశమ్మ. ఆమె వస్తే నన్ను కాసేపు బయట తిరిగిరమ్మనేవారు. తర్వాత పోశమ్మ ఇంకొకామెను వెంటబెట్టుకొచ్చింది. లోపల ఏం మాట్లాడుకునేవారో నేను అడగలేదు. నేను రాసుకున్న మందుల కవరు మాత్రం ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోయి మాసిపోయింది.

పత్తి రెండో తీత నడుస్తున్న రోజుల్లో, ఎండ బాగా ఉన్నప్పుడు, శంకరప్ప పటేల్ భార్య సిద్దమ్మ మా వాడకు వచ్చింది. నా ఎరుకలో ఆ ఇంటి ఆడవాళ్లు మా వాడలో అడుగు పెట్టడం అదే మొదలు. వాడలో ఎవరూ ఉండని వేళ చూసుకునే వచ్చినట్టుంది. చేతిలో వంకాయల సంచి. కూలికి రావడం లేదు కదా, ఎట్లా ఉందో చూసిపోదామని వచ్చానంది. అమ్మ కంగారుపడి కుర్చీ తెమ్మంది. సిద్దమ్మ వద్దని, పోయి ఆనందమ్మ మంచం మీద, ఆమె కాళ్ల పక్కనే కూర్చుంది. నేను కుర్చీ పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను.

“జర నీళ్లియ్యి లాజరు” అంది సిద్దమ్మ.

కడవలో ముంచి గ్లాసు ఇచ్చాను. నోటికి ఆనించి మొత్తం తాగింది. అమ్మ ఆ గ్లాసు వైపే చూస్తూ ఉండిపోయింది. ఆనందమ్మ నాకు కండ్లతోనే సైగ చేసింది. నేను బయటికి పోయి మొండిగోడ మీద కూర్చున్నాను.

గంట దాటింది. సిద్దమ్మ బయటికి వచ్చేటప్పుడు కండ్లు ఎర్రగా ఉన్నాయి. నా ముందర ఆగి, నీ పెండ్లాం మంచిగ చెప్పింది అని మాత్రం అని, కొంగు తల మీదికి లాక్కుని వెళ్లిపోయింది. ఆ సాయంత్రం ఆనందమ్మ నాతో రెండే మాటలు చెప్పింది. ఆమెకు గూడ, అంది. ఎన్నేళ్ల నుంచో చెప్పలేదు. నేను ఆ చేను గుర్తుచేసుకున్నాను. ఏండ్ల తరబడి ఒకామె గట్టు మీద నిలబడి పని చెబుతూ, ఇంకొకామె సాలులో వంగి పని చేస్తూ, ఇద్దరూ అదే నొప్పి మోశారన్నమాట. ఒకరికొకరు తెలియకుండా.

మూడు నెలల పరీక్ష క్రిస్మస్ దాటిన తర్వాత అయింది. డాక్టరు చిన్న చిన్న పనులు చేసుకోవచ్చన్నాడు. మూటలు, బస్తాలు మాత్రం ఈ జన్మకు వద్దన్నాడు. నేను ఖేడ్‌లోనే పని చూసుకున్నాను. డిపో వెనక ఒకాయన ఇల్లు కడుతున్నాడు. పొద్దున పోయి చీకటి పడకముందే ఇంటికి చేరుతున్నాను.

అట్లా ఒక సాయంత్రం ఆటో దిగి నడుస్తుంటే శంకరప్ప పటేల్ బండి నా పక్కన ఆగింది. దిగి, తోవ పక్క కాలువ మోరీ గోడ మీద కూర్చున్నాడు. నన్నూ కూర్చోమన్నాడు. ఆయన ముందర నేను ఎన్నడూ కూర్చోలేదు. రెండోసారి అన్నాక కొంచెం ఎడంగా కూర్చున్నాను. పత్తి సంగతి, వాన సంగతి అడిగాడు.

“వచ్చే వారం సిద్దమ్మకు ఆపరేషన్” అన్నాడు. “నువ్వే నీళ్లు మోసినవట.”

“మోసిన పటేలా.”

“బట్టలు గూడ?”

“అవి గూడ.”

“నలుగురు నవ్వలేదా?”

“నవ్విండ్రు. పది రోజులు నవ్విండ్రు. ఇగ ఎవల పనికి వాళ్లు పోయిండ్రు.”

ఆయన రోడ్డు వైపు చూశాడు. పత్తి మూటలతో ఒక ట్రాక్టరు పోయింది. అది దూరం పోయేదాకా ఆగాడు.

“ముప్పై నాలుగేండ్లాయె మా పెండ్లయి. నడుము నొస్తుందంటె మలాం తెచ్చిచ్చిన లాజరు.”

“నేను గూడ గదే తెచ్చిన పటేలా.”

తర్వాత ఆయన జేబులోంచి చిన్న పుస్తకం, పెన్ను తీశాడు. కండ్లద్దాలు పెట్టుకున్నాడు. మొదటి నుంచి చెప్పమన్నాడు. నేను చెప్పాను. ఆయన ఒక్కో మాటా రాసుకున్నాడు. రెండు కిలోలు అన్న దగ్గర కింద గీత గీశాడు. గుడ్డలు ఎండలో ఆరెయ్యాలన్న దగ్గర కొంచెం ఆగి, అదీ రాశాడు. ఇంట్లో కోడళ్లు ఉన్నా మీరు పక్కన ఉండాలె పటేలా, లేకుంటే ఆమె లేచి పని చేస్తది, అన్నాను. అది రాసుకోలేదు, తల మాత్రం ఊపాడు.

ఇంటికి చేరేసరికి ఆనందమ్మ వాకిట్లో కూర్చుని అమ్మతో కలిసి కంది కాయలు వలుస్తోంది. మేం మోరీ మీద కూర్చోవడం ఎవరో చూసి అప్పుడే చెప్పినట్టున్నారు. పటేల్ ఏమడిగాడని ఆనందమ్మ అడిగింది.

“ఏం జెప్పాలె. మరుగుదొడ్డి మీద గద్దె ఎంత ఎత్తు ఉండాలె అని అడిగిండు. సిరప్ రాత్రి తాగాల్నా, పొద్దున తాగాల్నా అని అడిగిండు. జర సేపుంటె నాడి గూడ చూడమంటడని భయమై లేచి వచ్చిన.”

ఆనందమ్మకు నవ్వొచ్చింది. ఆమెకు నవ్వొస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గబుక్కున లేచి ఇంట్లోకి పోయేది. ఏండ్ల తరబడి చూశాను. అది సిగ్గనుకున్నాను, ఒక్కోసారి నా మాట నచ్చకపోవడమనీ అనుకున్నాను. నవ్వితే లోపలిది జారుతుందన్న భయమని నాకేం తెలుసు.

ఆ సాయంత్రం ఆమె లేవలేదు. ఒళ్లో కంది కాయలు అటూ ఇటూ చెదిరిపోతుంటే, కూర్చున్నచోటనే, నోరారా నవ్వింది. అమ్మ కాయలు ఏరుతూ కోడలి ముఖం వైపు చూసింది. నేను చెప్పులు విడవడం మరిచిపోయి, ఆ నవ్వు అయిపోయేదాకా వాకిట్లోనే నిలబడ్డాను.